మట్టి చెయ్యి

ఫిబ్రవరి 3, సోమవారం

సంగ్రామ్ మెడ కింద రెండు ఎర్ర పొక్కులు లేచాయి. పొద్దున జోడీ కుస్తీ అయ్యాక వాడి ఒళ్లు రుద్దుతుంటే నా చేతికి తగిలాయి. ఒకటి అప్పటికే చితికి నీరు కారుతోంది. గోదాలోంచి పిడికెడు మట్టి తీసి అద్దాను. "మండుతోందిరా?" అంటే, "లేదు వస్తాదు, దురద" అన్నాడు. దురద పెట్టిందంటే మానుతున్నట్టే.

ఈ ఏడు నా ఆశంతా వీడి మీదే. నెలాఖరున దేవి జాతరలో చివరి కుస్తీ, వెండి గద కుస్తీ, వీడికి ఇప్పించాను. మా తాలీంఖానా గడప లోపలికి గద వచ్చి ఒక తరం దాటింది. కొల్హాపూర్ కుర్రాళ్లంతా ఇప్పుడు అవతలి పేటలో పరుపు మీద కుస్తీ నేర్చుకుంటున్నారు. పరుపు పడుకోవడానికి గానీ పడెయ్యడానికా? వాళ్లు డబ్బాల్లో పొడి కలుపుకు తాగి ఒళ్లు పెంచుతారు. అది వాపే గానీ బలుపు కాదు. బొటనవేలితో ఒక్కసారి నొక్కి చెప్పేస్తాను. జీవితమంతా నేను చేసిన పని అదే, ఒళ్లు చూడటం.

మేడ మీద ఇంటికి వచ్చేసరికి మనవరాలు గార్గి మెట్ల మీదే కాచుకుని ఉంది. "ఆబా, నా బొట్టు!" అని నుదురు చాపింది. గోదా మట్టి చేత్తో దాని నుదుట చిటికెడు పెట్టాను. మా గురువుగారి కాలం నుంచీ ఇదే పద్ధతి. గోదాలోంచి వచ్చిన వస్తాదు చెయ్యి కడగడు. ముందు ఇంట్లో పసిబిడ్డ నుదుటిని ముట్టుకోవాలి, తర్వాతే నీళ్లు. కోడలు ప్రణాలి పక్కనే చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడింది. ఆమెకు ఇదంతా కొంచెం చిరాకు. మావాడు సరిహద్దులో తుపాకీ పట్టుకుని ఉన్నాడు కాబట్టి ఇక్కడ నాతో వేగుతోంది పాపం.

ఫిబ్రవరి 5

సంగ్రామ్ పొక్కులు పెచ్చు కట్టాయి. మంచిదే.

ఫిబ్రవరి 10, సోమవారం

పుణెలో పరుపు కుస్తీ పోటీలకు సంగ్రామ్‌ని తీసుకెళ్లాను. వద్దనుకుంటూనే వెళ్లాను, కమిటీ వాళ్లు పేరు ఇచ్చేశారని. అక్కడ తూకానికి ముందు ఒక డాక్టరు ప్రతి పైల్వాన్‌నీ నిలబెట్టి, వెనక్కి తిప్పి, చంకలు, మెడ, చెవుల వెనక చూస్తున్నాడు. కుస్తీ పోటీయా, పెళ్లిచూపులా?

సంగ్రామ్ దగ్గర ఆగిపోయాడు. మెడ మీద రెండు కాస్తా ఇప్పుడు నాలుగైదయ్యాయి, భుజం మీద ఇంకోటి.

"ఇది అంటుకునే పుండు. నువ్వు ఆడకూడదు" అన్నాడు డాక్టరు.

"వేడి పొక్కులండీ" అన్నాను.

"వేడి పొక్కుకి ఈ రంగు పెచ్చు కట్టదు. ఇది ముందు ఎర్రగా లేస్తుంది, చిన్న నీటి బుగ్గ అవుతుంది, చితుకుతుంది, పసుప్పచ్చగా గడ్డకడుతుంది. గోకిన చోటల్లా కొత్తది లేస్తుంది. మీ తాలీంఖానాలో ఇంకెవరికైనా ఉన్నాయా?"

"లేవు" అన్నాను. ఆ మాట అనేటప్పటికి ఇంకెవరి ఒళ్లూ చూడలేదు నేను. కాబట్టి అబద్ధమేమీ కాదు.

మందు చీటీ రాసిచ్చాడు. తిరుగు బస్సులో సంగ్రామ్ ఆ చీటీని మడతలు పెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు. "జాతర వాళ్లకి తెలిస్తే ఆడనివ్వరేమో వస్తాదు" అన్నాడు. "ఎవడు చెప్తాడు? నువ్వా, నేనా?" అన్నాను. చీటీ నేనే తీసుకుని జేబులో పెట్టుకున్నాను. మందుల షాపువాడికి నోరు ఆగదు.

ఫిబ్రవరి 12

ఇవాళ అందరి ఒళ్లూ చూశాను. ఆరుగురికి ఉంది. ఒకడికి మోచేతి మీద, ఒకడికి మోకాలి వెనక, మిగతావాళ్లకి మెడ మీదే. పట్టు పట్టేచోటే వస్తోంది.

హసన్ ముజావర్ పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఒకప్పుడు నేనూ వాడూ ఒకే గోదాలో ఒకళ్ల చెవులు ఒకళ్లం విరగ్గొట్టుకున్నాం. ఇప్పుడు వాడికి ఊరి బయట బెల్లం వండే గానుగ ఉంది.

"ఏరా సర్జ్యా, నీ పైల్వాన్లకి పాకం పూశావా? ఈగలు నా గానుగ వదిలి ఇక్కడికే వచ్చేశాయి" అన్నాడు.

"నోరు ముయ్యరా."

"నిజంరా. పెనం అంచున చింది ఎండిపోయిన పాకం చూళ్లేదూ? అచ్చం ఆ రంగే. చూపించరాదూ ఎవరికన్నా?"

"ఈ మట్టిలో ఏముందో తెలుసా నీకు? మజ్జిగ, పసుపు, నిమ్మకాయ, నూనె, ఇంగువ. ఇన్ని పోసి పెంచాం. ఇది మానిపించలేని పుండు డాక్టరు మానిపిస్తాడా?"

"ఏమో బాబూ. నేను బెల్లం వండుకునేవాణ్ణి" అని టీ తాగి లేచాడు.

కుర్రాళ్లు కూడా నవ్వుకుంటున్నారు, "నీకు బెల్లం పట్టిందా, నాకు పట్టింది" అని. నవ్వుకునే రోగం రోగం కాదు. గోదాలో ఇంకో రెండు బుట్టల నిమ్మకాయలు పిండించాను.

ఫిబ్రవరి 15, శనివారం

శనివారం కదా, మారుతి హారతి అయ్యాక పేటలో తల్లులంతా పిల్లల్ని ఎత్తుకుని గుమ్మం దాకా బారు కట్టారు. ఆడవాళ్లు లోపలికి రారు, నేనే గుమ్మంలో నిలబడి ఒక్కొక్క పిల్లకీ నుదుట మట్టి పెట్టాను. ఒకడు ఏడుస్తాడు, ఒకడు నా మీసం లాగుతాడు. ఈ ఊళ్లో నాకు మిగిలిన పరువు ఆ బారే.

చివర్లో గార్గి కూడా బారులో నిలబడింది, అందరిలా. కాళ్లనిండా దోమకాట్లు, గోకి గోకి ఎర్రగా చేసుకుంది. వాటి మీద కూడా మట్టి రాశాను. ముక్కు కారుతుంటే బొటనవేలితో తుడిచాను.

ఫిబ్రవరి 18

గార్గి ముక్కు కింద ఎర్రగా ఉంది. జలుబుతో తుడుచుకుని తుడుచుకుని రేగింది.

ఫిబ్రవరి 19

జలుబే.

ఫిబ్రవరి 21, శుక్రవారం

బడి నుంచి గార్గిని తిప్పి పంపారు. పుళ్లు మానాక పంపమన్నారట. ముక్కు కింద ఒకటి, పెదవి మూల ఒకటి, గడ్డం మీద ఒకటి, మోకాలి దగ్గర దోమకాటు ఉన్నచోట ఇంకోటి. జ్వరం లేదు. ఆడుకుంటోంది, తింటోంది, గోక్కుంటోంది. ముక్కు కింద పెచ్చు బెల్లం రంగులో ఉంది. ఈ పుస్తకంలో రాయకపోతే మారేదేముంది, రాశాను.

ప్రణాలి వంటింట్లోంచి వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"మామంజీ, సాయంత్రం దీన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను."

"ఏ డాక్టరు? వీధి చివరాయనా? ఆయన బావమరిది జాతర కమిటీలో ఉన్నాడు. తెల్లారేసరికి ఊరంతా టముకు వేస్తాడు."

"మరి పిల్ల మొహం?"

"మొహం ఎక్కడికీ పోదు. ఈ జాతర ఒక్కటి కానివ్వు తల్లీ. నేనే ఎత్తుకుని తీసుకెళ్తా."

"మీ పైల్వాన్లకి వచ్చిందే దీనికీ వచ్చింది. అంటుకుంటుందని పుణెలో చెప్పారటగా?"

"ఎవరన్నారు నీతో?"

"సంగ్రామ్ చెప్పాడు. ఆ పిల్లాడికున్న భయం కూడా మీకు లేదు."

ఈ ఇంటికి వచ్చాక కోడలు నాకు ఎదురు చెప్పడం ఇదే మొదలు. నేను గొంతు పెంచాను. ఏమన్నానో రాయను. ఆమె లోపలికి వెళ్లి గార్గి గోళ్లు కత్తిరించింది, చేతులకి మేజోళ్లు తొడిగింది, దాని తువ్వాలు వేరు చేసి మరగబెట్టింది. మేజోళ్ల చేతులతో గార్గి నా ముందుకొచ్చి, "ఆబా, దా, కుస్తీ పడదాం" అని తొడ కొట్టింది. చప్పుడు రాలేదు. ఇద్దరం నవ్వాం.

సాయంత్రం ఆమె చూడకుండా దాని పుళ్ల మీద కొత్త మట్టి అద్దాను.

ఫిబ్రవరి 27, గురువారం

గెలిచాడు!

సాంగ్లీ కుర్రాడు ఎదురు. హల్గీ డప్పులు మోగుతున్నాయి, జనం ఇసక వేస్తే రాలనట్టున్నారు. బరిలోకి దిగే ముందు సంగ్రామ్ మెడకీ భుజాలకీ నేనే దట్టంగా మట్టి పట్టించాను. ఏమీ కనబడలేదు. బరిలో ఆనవాయితీ ప్రకారం ఇద్దరూ వంగి, పిడికెడు మట్టి తీసి, ఒకళ్ల ఒంటికి ఒకళ్లు రాశారు. ఆ సాంగ్లీ కుర్రాడు మర్యాదస్థుడు. మా వాడి మెడ మీద తీరుబడిగా, రెండు చేతులతో రాశాడు. నేను హల్గీ వాయించేవాడి వైపు చూశాను.

తర్వాత కుస్తీ ఎంతోసేపు సాగలేదు. వెల్లకిలా పడేశాడు. నా తలకి పటకా చుట్టారు. హసన్ ఏడ్చాడు, వాడికి ఏడుపు తొందర. ఇంటికి రాగానే గార్గి వెండి గదని ఎత్తబోయింది, కదల్లేదు. గదతో సహా దాన్నే భుజాన ఎక్కించుకుని పేటంతా తిప్పాను.

మార్చి 5

గార్గి పుళ్లు మానాయి. పెచ్చులు ఊడి, కింద లేత గులాబీ రంగు మచ్చలు మిగిలాయి, అవీ పోతాయి. సంగ్రామ్‌కీ సగం మానాయి. మట్టి గెలిచింది.

గార్గిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ప్రణాలిని పిలిచి చూపించాను. "డాక్టరుకి ఇచ్చే డబ్బుతో పిల్లకి గాజులు కొను" అన్నాను. ఆమె పిల్ల గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అనడానికి ఏం మిగిలింది?

మార్చి 16, ఆదివారం

గార్గికి బుగ్గలొచ్చాయి! పొద్దున లేచి వచ్చేసరికి మొహం నిండుగా, పూరీలా ఉంది. కళ్లు కూడా బుగ్గల్లో దాక్కున్నాయి. రోజూ పైల్వాన్లకి నూరే బాదం పాలు దానికి కూడా ఒక గిన్నెడు పోయిస్తున్నాను, ఊరికే పోతుందా? దాని తండ్రి చిన్నప్పుడు ఎంత పోసినా పుల్లలాగే ఉన్నాడు. ఇది మా వంశం పిల్ల.

ప్రణాలి, "పొద్దున్నే ఇలా ఉంటోంది మామంజీ, సాయంత్రానికి తగ్గుతోంది" అంది. "పొద్దున్నే కదా ఎవరైనా తాజాగా ఉండేది" అన్నాను.

మార్చి 17

దిష్టి తగులుతుందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేయించాను. మధ్యాహ్నం మటన్ ఉడికించిన నీళ్లు, కాస్త ఉప్పు ఎక్కువ వేసి, రెండు గిన్నెలు తాగించాను. ఆకలి లేదంటుంది. తినగా తినగా ఆకలి అదే వస్తుంది.

మార్చి 19

ప్రణాలి నన్ను పెరట్లోకి పిలిచింది. పిల్ల పోసిన మూత్రం కొంచెమే ఉంది, డికాషన్ రంగులో. "రెండు రోజులుగా ఇంతే" అంది. ఎండలు ముదిరాయి, ఒంట్లో వేడి అన్నాను. చలవకి కోకం షర్బత్ తాగించమన్నాను. ఆమె ఈ రాత్రే మావాడికి ఫోన్ చేసింది. నాకు వినపడేలాగే మాట్లాడింది.

మార్చి 20, గురువారం

పొద్దున గార్గి చెప్పులు పట్టడం లేదని ఏడ్చింది. తలనొప్పి అంది. ఒళ్లోకి తీసుకుని చెప్పు విప్పాను. పట్టీ గుర్తు పాదం మీద అచ్చుపడినట్టు ఉండిపోయింది.

ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కాను. ఎన్ని వందల ఒళ్ల మీద నొక్కిన వేలు ఇది. కండ అయితే వేలిని తోసేస్తుంది, కొవ్వు అయితే జారుతుంది. ఇది గుంట పడింది. వేలు తీశాను. గుంట అలాగే ఉంది. చూస్తూనే ఉన్నాను, అది పూడలేదు.

గార్గి, "ఏంటి ఆబా, గట్టిగా ఉన్నానా?" అంది.

"ప్రణాలీ" అని పిలిచాను. రెండోసారి అరిచాను.

ఆటోలో ఉండగా పిల్ల కళ్లు పైకి వెళ్లిపోయాయి. చేతులూ కాళ్లూ కొట్టుకున్నాయి. పట్టుకోబోతే ప్రణాలి నా చేతిని తోసేసింది.

మార్చి 21

రాయలేను.

మార్చి 22, శనివారం

పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు. డాక్టరమ్మ చిన్న వయసే. నన్నూ కోడలినీ కూర్చోబెట్టి అడిగింది.

"ఈ మధ్య పిల్లకి చర్మం మీద పుళ్లేమైనా అయ్యాయా?"

"దోమలు కుట్టాయి" అన్నాను.

ప్రణాలి నా వైపు చూడలేదు. "పుళ్లే డాక్టర్. ముక్కు కింద ఎర్రగా పొక్కి, చితికి, బెల్లం రంగు పెచ్చు కట్టాయి. తర్వాత పెదవి దగ్గర, గడ్డం మీద, మోకాలి మీద. వాళ్ల తాలీంఖానాలో అందరికీ ఉన్నాయి. పోయిన నెలలో."

"మందు వేశారా?"

ప్రణాలి తల అడ్డంగా ఊపింది.

డాక్టరమ్మ కోప్పడలేదు, కోప్పడితే బాగుండేది. పైన పుండు మానిపోయినా ఆ క్రిమి మీద ఒళ్లు చేసే పోరాటం లోపల ఆగదట. కొందరు పిల్లల్లో వారాల తర్వాత ఆ దెబ్బ మూత్రపిండాల మీద పడుతుందట. అందుకే ఒంట్లో నీరు చేరింది, అందుకే మూత్రం ఆ రంగు, రక్తపోటు పెరిగి ఫిట్సు. "అప్పుడే మందు వేసుంటే ఇది రాదని నేను హామీ ఇవ్వలేను. కానీ పుండు తొందరగా మానేది, ఇంకొకళ్లకి అంటేది కాదు. తాలీంఖానాలో వాళ్లందరికీ చూపించండి" అంది.

హామీ ఇవ్వలేనంది. తన నోటితో తనే అంది. అంటే వేసినా వచ్చేదేమో. నేను ఏం చేసినా వచ్చేదేమో.

"మట్టి వల్లా?" అని అడిగాను.

"మట్టి సంగతి నేను చెప్పలేను పెద్దాయనా. ఒకరి పుండు ముట్టుకున్న చెయ్యి ఇంకొకరిని ముట్టుకుంటే చాలు. ఒకే తువ్వాలు వాడితే చాలు."

చేతుల గురించి ఇంకా ఏదో చెప్పింది. మట్టే అయ్యుంటుంది. మట్టి పాతబడింది, ఎన్నేళ్లయిందో మార్చి.

వార్డు గుమ్మంలో ప్రణాలి నన్ను ఆపింది. "ముందు చేతులు కడుక్కోండి మామంజీ." అక్కడ ముగ్గురు నర్సులున్నారు, అందరూ విన్నారు. సబ్బుతో కడుక్కున్నాను. గోళ్ల సందుల్లోంచి ఎర్రటి నీళ్లు దిగాయి, ఎంతసేపటికీ తెల్లబడలేదు.

మార్చి 24

తాలీంఖానాలో గార్గి వాళ్ల అమ్మమ్మ గారి ఊరు వెళ్లిందని చెప్పాను. హసన్ నన్ను అదోలా చూశాడు. "పరీక్షలప్పుడా?" అన్నాడు. "ఒకటో తరగతికి పరీక్షలేమిట్రా" అన్నాను.

పైల్వాన్లందరినీ రెండు గుంపులుగా పక్క ఊరి డాక్టరు దగ్గరికి పంపాను, వేసవి బలానికి మందని. సంగ్రామ్ ఒక్కడే వెనక నిలబడ్డాడు. "మందు పేరు అదే వస్తాదు, పుణె చీటీలో ఉన్నదే" అన్నాడు. వాడు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు, కుట్టింది మాత్రం నన్ను.

మార్చి 26

మూత్రం రావడం లేదు. రక్తం కడిగే యంత్రం పెట్టారు. ఆ గొట్టాల మధ్య అది ఎంత ఉందని! మొహం మాత్రం పెద్దది. ఇన్నాళ్లూ ఆ మొహం చూసి మురిసిపోయాను.

మావాడికి సెలవు దొరకలేదు. ఫోన్లో, "నాన్నా, ఏమైంది అసలు?" అన్నాడు. "కిడ్నీ జబ్బురా. మన చేతిలో ఏముంది?" అన్నాను.

మార్చి 30

గుడి పాడ్వా, మా ఉగాది. ఇంటి ముందు పండగ గుడి కర్ర ఎత్తలేదు.

గోదా తవ్వించడం మొదలుపెట్టాను. మోకాలి లోతు మట్టీ ఎత్తి ఊరి బయట పోయించేస్తున్నాను. హనుమజ్జయంతికి కొత్త మట్టి నింపుతామని చెప్పాను. అందరూ సంతోషించారు. చందాలు కూడా ఇస్తామంటున్నారు. పాత మట్టి పోతే అంతా పోతుంది.

ఏప్రిల్ 4

గార్గికి తెలివి బాగా వచ్చింది. ఉప్పు లేని గంజి నా మొహం మీదే ఉమ్మేసింది, అది నాకు మహా ఆనందం. నన్ను చూసి నుదురు చాపింది.

"ఆబా, మట్టి తేలేదా?"

"రేపు తెస్తా పిట్టా."

"అది పెడితే నాకు తగ్గిపోతుంది కదా. అమ్మకి చెప్పు, ఇంటికెళ్దామని."

ప్రణాలి కిటికీ వైపు తిరిగింది. నేను బయటికి వచ్చేశాను. మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఎవరో ముసలామె వచ్చి నీళ్లిచ్చి, "ఎవరయ్యా పోయింది?" అని అడిగింది.

ఏప్రిల్ 9

కొంచెం మూత్రం వచ్చింది. యంత్రం ఆపి చూస్తున్నారు. డాక్టరమ్మ ఇంకా ఏమీ చెప్పడం లేదు. కొందరు పిల్లలు పూర్తిగా కోలుకుంటారట, కొందరికి మూత్రపిండాలు అలాగే ఉండిపోతాయట. ఏడాది వరకూ చూస్తూ ఉండాలట.

ఏప్రిల్ 12, శనివారం. హనుమజ్జయంతి

కొత్త మట్టి నిండింది. ఎర్రగా, మెత్తగా, ఒక్క రాయి లేకుండా జల్లించారు. మజ్జిగ, పసుపు, నిమ్మరసం, నూనె అన్నీ పడ్డాయి. హారతి అయింది. సంగ్రామ్‌తో సహా అందరి ఒళ్లూ మానాయి. ఇక అంతా మామూలే అనుకున్నాను. గుమ్మంలోకి వచ్చేసరికి తల్లుల బారు వీధి మలుపు దాకా ఉంది. కొత్త మట్టి కదా, ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు.

ముందున్నది తాపీ మేస్త్రీ భార్య, చంకలో రెండేళ్లవాడు. వాణ్ణి నా ముందుకు చాపింది. నేను బొటనవేలితో మట్టి తీసుకున్నాను. వాడు ముక్కు రుద్దుకుంటున్నాడు. ముక్కు కింద ఎర్రటి వలయం, మధ్యలో చితికిన పొక్కు, అంచున అప్పుడే గడ్డకడుతున్న పెచ్చు. బెల్లం రంగు.

"వారం నుంచీ జలుబు వస్తాదు, ముక్కు రేగిపోయింది. దాని మీద కూడా కొంచెం రాయండి" అంది ఆమె.

నా వేలు వాడి ముక్కు ముందు ఆగింది. వాడి వెనక ఇంకో పిల్ల, దాని వెనక ఇంకో పిల్ల, అందరూ నుదుళ్లు తుడుచుకుని సిద్ధంగా ఉన్నారు. వీడిని ముట్టుకున్న వేలే తర్వాత ఆ పిల్లని ముట్టుకుంటుంది, తర్వాత ఆ వెనక పిల్లని, వీధి మలుపు దాకా. మట్టి కొత్తదే. వేలు ఆ వేలే. నేను గోదా అంతా తవ్వి పోశాను గానీ నా చెయ్యి వెంటే తెచ్చుకున్నాను.

ఆ రోజు డాక్టరమ్మ చెప్పింది ఇదే. నేను విన్నాను. విననట్టు రాసుకున్నాను.

రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను.

"ఏంటి వస్తాదు?" అంది ఆమె.

"వీణ్ణి ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు తల్లీ. ఇది జలుబు కాదు. అంటుకునే పుండు. వాడి తువ్వాలు వేరుగా పెట్టు, గోళ్లు కత్తిరించు, గోకనివ్వకు. మట్టి రాయకు. ఎవరి మట్టీ రాయకు, నాది అసలే రాయకు."

"మీ చెయ్యి పెడితే తగ్గదా మరి?"

"నా చెయ్యి పెడితేనే మా గార్గి ఆసుపత్రిలో ఉంది."

చెప్పేశాను. అమ్మమ్మ ఊరు అబద్ధమని, పైల్వాన్ల పుళ్లు నాకు తెలుసని, పుణె డాక్టరు చెప్పినా జేబులో పెట్టుకున్నానని, గద కోసం నోరు మూసుకున్నానని, కోడలు మొత్తుకున్నా వినలేదని. పిల్ల మొహం వాస్తే బలిసిందని బాదం పాలు పోశానని. ఎవరి పిల్లకైనా పుళ్లు ఉంటే, లేక ఈ నెలల్లో వచ్చి మానినా, మొహం వాచినా, మూత్రం ఎర్రగా వచ్చినా ఆగొద్దని.

వీధిలో ఒక్క పిల్ల కూడా ఏడవలేదు. తర్వాత ఒకామె, నాకు పేరు కూడా తెలుసు, కొంగుతో తన పిల్ల నుదురు గట్టిగా తుడిచింది. పోయిన శనివారం బొట్టు ఇంకా ఉన్నట్టు. బారు అలాగే విడిపోయింది. మేస్త్రీ భార్య మాత్రం వెళ్తూ వెళ్తూ నా మొహం మీద, "శనివారం శనివారం మీ కాళ్లకి దణ్ణం పెట్టాను కదయ్యా" అంది.

పైల్వాన్లు తలలు వంచుకుని నిలబడ్డారు. అరుగు మీద హసన్ ఒక్కడే మిగిలాడు.

"ఇంక తిట్టరా. నువ్వు కూడా తిట్టు" అన్నాను.

"తిట్టేదేముంది. బెల్లం రంగు అని నేను చెప్పిననాడు నేనైనా నీ పీక పట్టుకోవాల్సింది. టీ తాగి పోయాను" అన్నాడు. మళ్లీ తనే, "సాంగ్లీ కుర్రాడికి ఎవరు చెప్తారు?" అని అడిగాడు.

"సంగ్రామ్‌ని తీసుకుని రేపు పొద్దున నేనే వెళ్తాను. గద కూడా తీసుకెళ్తాను."

ఏప్రిల్ 13, ఆదివారం

సాంగ్లీ నుంచి సాయంత్రానికి వచ్చాను. ఆ కుర్రాడికి మెడ మీద వచ్చి మానాయట, వాళ్ల చెల్లికి ఇప్పుడున్నాయట. వాళ్ల నాన్న మాకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. సంగ్రామ్ గద అరుగు మీద పెట్టి దణ్ణం పెట్టాడు. ఆయన కూతుర్ని స్కూటరు మీద ఎక్కించుకుని మా ముందే డాక్టరు దగ్గరికి వెళ్లిపోయాడు. అది చూసి వచ్చాను.

బస్టాండు నుంచి నేరుగా ఆసుపత్రికి. గుమ్మం దగ్గర ప్రణాలి ఏమీ అనకముందే కుళాయి దగ్గరికి వెళ్లాను. సబ్బు రెండుసార్లు రాసుకున్నాను, గోళ్లు, వేళ్ల సందులు, ముంజేతుల దాకా. వెనక ఆమె నిలబడి చూస్తోంది. తువ్వాలు అందించలేదు, చేతులు గాలికి ఆరబెట్టుకున్నాను.

గార్గి మేలుకునే ఉంది. వాపు దిగిపోయింది. బుగ్గలు పోయి, దవడ ఎముకలు పైకి వచ్చి, మెడ పుల్లలా ఉంది. నా చేతుల కింద ఇంత చిక్కిపోయిన ఒంటిని ఎప్పుడూ చూడలేదు, చూసి ఇంత సంతోషించిందీ లేదు. ముంగాలి మీద బొటనవేలు పెట్టి నొక్కాను. తీశాను. గుంట నెమ్మదిగా పూడింది. మూత్రం ఇంకా టీ రంగులోనే ఉందని నర్సు చెప్పింది.

"ఆబా, మట్టి తెచ్చావా?" అని నుదురు చాపింది.

"లేదు పిట్టా. ఇంకెప్పుడూ తేను."

"ఎందుకు?"

ఎందుకో చెప్పాలి దానికి. పెద్దయ్యాక కాదు, ఇప్పుడే. చెప్పాను, దానికి అర్థమయ్యే మాటల్లో. ఆబా చెయ్యి మురికిదని, అది కడుక్కోకుండా నిన్ను ముట్టుకున్నాడని, అందుకే నీకు జబ్బు చేసిందని. అది నా చేతులు తిప్పి చూసింది, అరచేతులు, వేళ్లు, గోళ్లు. వాసన చూసింది.

"ఇప్పుడు సబ్బు వాసన వస్తోంది" అని, నా చెయ్యి తీసుకుని తనే నుదుటి మీద పెట్టుకుంది.

నేను ప్రణాలి వైపు చూశాను. ఆమె చాలాసేపు చూసింది ఆ చేతి వంక. తర్వాత వచ్చి పిల్ల కాళ్ల దగ్గర కూర్చుంది. తియ్యమని అనలేదు.